టెంపుల్ ఆఫ్ ద డాగ్ బ్యాండ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ రాక్ వినడం కొత్తగా మొదలుపెట్టిన స్నేహితులెవరికైనా నేను మొదట పంపేది ఈ ఆల్బమే. పంపిన ప్రతిసారీ దాదాపు ఇవే ప్రశ్నలు తిరిగొస్తాయి. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా జవాబులు చెప్పీ చెప్పీ, ఈసారి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. కొన్నిటికి జవాబు రెండు మాటల్లో అయిపోతుంది. ఒకటి రెండు చోట్ల మాత్రం నన్ను నేను ఆపుకోలేను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఇంతకీ ఎవరీ బ్యాండ్?

1990లో అమెరికాలోని సియాటిల్‌లో కలిసిన ఆరుగురు. పాడిన క్రిస్ కార్నెల్, డ్రమ్స్ వాయించిన మ్యాట్ కామెరాన్ సౌండ్‌గార్డెన్ బ్యాండ్ వాళ్లు. గిటారిస్టు స్టోన్ గొసార్డ్, బేస్ గిటార్ వాయించే జెఫ్ అమెంట్ అప్పుడే చెదిరిపోయిన మదర్ లవ్ బోన్ బ్యాండ్ వాళ్లు. లీడ్ గిటార్ మైక్ మెక్‌క్రెడీది. కొన్ని పాటల్లో గొంతు కలిపింది ఎడ్డీ వెడర్. ఈ ఇద్దరూ గొసార్డ్, అమెంట్ కొత్తగా కట్టుకుంటున్న బ్యాండ్‌లోకి వచ్చినవాళ్లు. ఆ కొత్త బ్యాండే తర్వాత పెర్ల్ జామ్ అయింది.

వాళ్ల ఒకే ఒక్క ఆల్బమ్ 1991 ఏప్రిల్ 16న ఏ అండ్ ఎమ్ రికార్డ్స్ నుంచి వచ్చింది. ఆల్బమ్ పేరు కూడా టెంపుల్ ఆఫ్ ద డాగే.

దీన్ని సైడ్ ప్రాజెక్ట్ అంటారు, అంటే ఏమిటి? సూపర్‌గ్రూప్ అని కూడా అంటారు కదా?

తమ అసలు బ్యాండ్ తమకు ఉండగానే, కొందరు కలిసి పక్కన చేసుకునే పని సైడ్ ప్రాజెక్ట్. అసలు బ్యాండ్‌లో ఇమడని పాటలు, వేరే స్నేహితులతో వాయించాలన్న కోరిక, ఇలా ఏదో ఒక కారణం ఉంటుంది. చాలావరకు ఒక ఆల్బమ్‌తో సరి.

సూపర్‌గ్రూప్ అనే మాట మాత్రం ఈ బ్యాండ్‌కి పెట్టడం నాకు నచ్చదు. పేరున్న స్టార్లు కలిస్తే ఆ మాట వాడతారు. 1990 చివర్లో వీళ్లలో ఎవరూ సియాటిల్ బయట ఇంటింటా తెలిసిన పేర్లు కారు. వెడర్ సంగతైతే మరీను. శాన్ డియాగోలో పెట్రోల్ బంకులో రాత్రి డ్యూటీ చేస్తూ వచ్చిన కుర్రాడు. పేర్లన్నీ తర్వాత పెద్దవయ్యాయి, ఆ పెద్దరికాన్ని జనం వెనక్కి తీసుకెళ్లి ఈ ఆల్బమ్‌కి అంటించారు.

ఆండ్రూ వుడ్ ఎవరు? ఈ బ్యాండ్ గురించి ఎక్కడ చదివినా ఆయన పేరే వస్తోంది.

ఆయన లేకపోతే ఈ బ్యాండ్ లేదు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆయన పోయాడు కాబట్టే ఈ బ్యాండ్ పుట్టింది.

ఆండ్రూ వుడ్ మదర్ లవ్ బోన్ గాయకుడు. అంతకు ముందు బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో తన అన్న కెవిన్‌తో కలిసి మాల్ఫంక్షన్ అనే బ్యాండ్ నడిపాడు. చిన్న క్లబ్బులో పాడుతున్నా స్టేడియం నిండా జనం ఉన్నట్టే ఊహించుకుని, వాళ్లను ఉద్దేశించి మాట్లాడేవాడట. రంగురంగుల బట్టలు, ముఖానికి మేకప్, నోరారా నవ్వు. ముఖం ముడుచుకుని పాడేవాళ్ల ఊరుగా తర్వాత పేరు పడ్డ సియాటిల్‌లో ఆయన ఒక వెలుగు.

కార్నెల్, వుడ్ ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్లు. ఎవరి గదిలో వాళ్లు పాటలు కట్టి, ఇంట్లోనే టేపు మీద రికార్డు చేసి, ఒకరికొకరు వినిపించుకునేవాళ్లు. పంతం లాంటి స్నేహం అది. ఒకడు ఒక పాట చేస్తే రెండోవాడు దానికి దీటుగా ఇంకోటి చేయాల్సిందే.

వుడ్‌కి హెరాయిన్ అలవాటు ఉండేది. దాన్నుంచి బయటపడాలని చికిత్స కూడా తీసుకున్నాడు. 1990 మార్చిలో మోతాదు మించి స్పృహ తప్పాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి, మార్చి 19న ప్రాణరక్షణ యంత్రాలు తీసేశారు. వయసు 24. మదర్ లవ్ బోన్ మొదటి పూర్తి ఆల్బమ్ "యాపిల్" ఆయన పోయాక, ఆ ఏడాది జులైలో విడుదలైంది.

సియాటిల్ సంగీతంలో అమాయకత్వం పోయింది ఎప్పుడని అడిగితే చాలామంది 1994, నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ మరణం అంటారు. కార్నెల్ మాత్రం పెర్ల్ జామ్ మీద 2011లో వచ్చిన డాక్యుమెంటరీలో వేరే మాట చెప్పాడు. గొట్టాలు పెట్టి పడుకోబెట్టిన ఆండ్రూ ఉన్న ఆ ఆసుపత్రి గదిలోకి తాము అడుగుపెట్టిన క్షణమే అదని. ఈ ఆల్బమ్ వినేముందు ఆ ఒక్క మాట తెలిస్తే చాలు.

పేరేమిటి అలా ఉంది? "కుక్క గుడి" ఏమిటి?

మా ఇంట్లో కూడా అందరూ నవ్వారు. మదర్ లవ్ బోన్‌కి "మ్యాన్ ఆఫ్ గోల్డెన్ వర్డ్స్" అనే పాట ఉంది. పియానో మీద వుడ్ పాడిన మెత్తని పాట. అందులో ఒక చరణంలో వచ్చే మాట ఇది. పోయిన స్నేహితుడు రాసుకున్న మాటలోంచే ఒక ముక్క తీసుకుని తమ పేరుగా పెట్టుకున్నారు. వెటకారం లేదు, ఏ మతం మీదా విసురు లేదు.

రెండు పాటలతో మొదలైంది అంటారు. ఆల్బమ్ ఎలా అయింది?

వుడ్ పోయిన కొద్ది రోజులకే కార్నెల్ రెండు పాటలు రాశాడు: "సే హలో టు హెవెన్", "రీచ్ డౌన్". సౌండ్‌గార్డెన్ వాయించే బరువైన పద్ధతికి అవి సరిపడవు. పెట్టెలో దాచేద్దామంటే మనసొప్పలేదు. గొసార్డ్, అమెంట్‌లకు వినిపించి, ఇవి రెండూ ఒక సింగిల్‌గా, అంటే చిన్న రికార్డుగా, వేద్దామా అన్నాడు. వాళ్లూ తమ గాయకుణ్ణి, తమ బ్యాండ్‌నీ ఒకే దెబ్బకు పోగొట్టుకుని ఉన్నారు. చేతులకు ఏదో ఒక పని కావాలి. సరే అన్నారు. వాయించడం మొదలుపెట్టాక రెండు పది అయ్యాయి.

వుడ్ సొంతంగా రికార్డు చేసుకున్న పాటల్ని కూడా పాడదామన్న ఆలోచన మధ్యలో వచ్చిందట. ఆయన ఇంటివాళ్లకు, దగ్గరివాళ్లకు అది చనిపోయినవాడి సొత్తు వాడుకున్నట్టు అనిపిస్తుందని వెంటనే మానేశారు. నాకు ఈ నిర్ణయం మీద చాలా గౌరవం. సంతాపం పేరుతో ఎంతెంత వ్యాపారం జరుగుతుందో మనం చూస్తూనే ఉన్నాం.

పదిలో ఏడు పాటలకు బాణీ, మాటలు రెండూ కార్నెల్‌వే. మిగతా మూడిటికి సంగీతం గొసార్డ్‌ది, ఒకదానిలో అమెంట్‌కీ భాగం ఉంది. ఆ మూడిటికీ మాటలు మళ్లీ కార్నెలే రాశాడు. 1990 నవంబర్, డిసెంబర్‌లలో పదిహేను రోజుల్లో రికార్డింగ్ పూర్తయింది. కంపెనీ ఒత్తిడి లేదు, హిట్ కొట్టాలన్న టెన్షన్ లేదు. ఆ ఊపిరి పీల్చుకున్నట్టుండే తీరు పాటల్లో వినిపిస్తుంది.

పాటలన్నీ ఆండ్రూ వుడ్ గురించేనా?

కాదు. నేరుగా ఆయన గురించి ఉన్నవి మొదటి రెండే. మిగతావాటిలో ప్రేమ ఉంది, మత్తుమందు ఉంది, "వుడెన్ జీసస్"లో టీవీలో దేవుణ్ణి అమ్మేవాళ్ల మీద కోపం ఉంది. అయినా ఆల్బమ్ మొత్తం ఒకే మనఃస్థితిలో ఉన్నట్టుంటుంది. మన సాహిత్యంలో స్మృతికావ్యం అంటాం కదా. పోయినవాళ్ల మీద మొదలుపెట్టిన కవి చివరికి తన బతుకంతా తవ్వుకుంటాడు. ఇదీ అలాంటిదే.

"హంగర్ స్ట్రైక్"లోకి ఎడ్డీ వెడర్ ఎలా వచ్చాడు?

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

గొసార్డ్ కొన్ని బాణీలు గాత్రం లేకుండా టేపు చేసి గాయకుడి కోసం వెతుకుతున్నాడు. ఆ టేపు జాక్ ఐరన్స్ అనే డ్రమ్మర్ చేతుల మీదుగా శాన్ డియాగోలో ఉన్న వెడర్‌కి చేరింది. ఆయన విని, సముద్రంలో సర్ఫింగ్ చేస్తూ మాటలు అల్లుకుని, ఇంటికొచ్చి పాడి వెనక్కి పంపాడు. 1990 అక్టోబర్‌లో సియాటిల్ రమ్మని పిలిచారు. వచ్చిన ఊరు కొత్త, మనుషులు కొత్త, చేరిన బ్యాండ్ చనిపోయిన గాయకుడి ఖాళీలో నిలబడి ఉంది. మనిషి సిగ్గరి కూడా.

వీళ్ల రిహార్సల్ అయ్యాక తన బ్యాండ్ రిహార్సల్ ఉందని ఒక రోజు ఆయన గదిలో ఒక పక్కన కూర్చుని ఉన్నాడు. కార్నెల్ "హంగర్ స్ట్రైక్" పాడుతున్నాడు. ఆ పాట మీద కార్నెల్‌కే పెద్ద నమ్మకం లేదు, ఆల్బమ్‌లో ఖాళీ నింపడానికి పనికొస్తుందిలే అనుకున్నాడు. ఉన్నది ఒకే చరణం. పైగా చరణం మంద్రంలో ఉంది, పల్లవి తారస్థాయిలో ఉంది. కిందిది పాడి, పైదానికి ఎగబాకి, మళ్లీ కిందికి దిగడం ఒక్క గొంతుకు కష్టమవుతోంది. వెడర్ అది గమనించాడు. లేచి వచ్చి, ఎవరినీ అడక్కుండానే, మైకు దగ్గర నిలబడి ఆ కింది స్థాయి భాగం అందుకున్నాడు.

ఒకరు పాడుతుంటే ఆయాసం చూసి పక్కనున్నవాళ్లు గొంతు కలపడం మన భజనల్లో చూస్తూనే ఉంటాం. ఇక్కడ జరిగింది అదే. అంతే, పాట నిలబడింది. ఒకే చరణాన్ని ముందు ఒకరు, తర్వాత ఇంకొకరు పాడతారు. మాటలు మారవు, గొంతు మారుతుంది. రెండోసారి వినేసరికి అర్థమే మారినట్టుంటుంది. ఖాళీ నింపడానికి అనుకున్న పాట ఆ ఆల్బమ్‌కి ముఖచిత్రం అయింది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదట వచ్చే బరువైన, అడుగునుంచి వచ్చే గొంతు వెడర్‌ది. ఆ తర్వాత అదే చరణాన్ని పైకెత్తి పాడేది కార్నెల్. ఇద్దరూ కలిసే చోట కార్నెల్ కేక పైన ఎగురుతుంటే, వెడర్ కింద పలక పరిచినట్టు పట్టుకుని ఉంటాడు.

అది నిజంగా నిరాహార దీక్ష గురించిన పాటా?

పేరుకి అర్థం అదే. దీక్ష అనగానే మనకు శిబిరం, డిమాండ్లు, నిమ్మరసం గుర్తొస్తాయి. ఈ పాటలో అవేం లేవు. తన పాత్ర నిండి పొర్లుతున్నప్పుడు లేనివాడి మీద పడి తినలేను, అంతకంటే ఆకలితో ఉంటాను అంటాడు. డబ్బు, పేరు కోసం తన పద్ధతి మార్చుకోనన్న పంతంగా కూడా దీన్ని వినొచ్చు.

"రీచ్ డౌన్" పదకొండు నిమిషాలు ఎందుకు?

మైక్ మెక్‌క్రెడీ వల్ల, మంచి అర్థంలో. అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని గిటారిస్టు. వాళ్లందరిలో ముందు వరసలోకి రావడానికి మొహమాటపడేవాడు. ఈ పాట మధ్యలో పొడుగాటి చోటు వదిలిపెట్టి, నీ ఇష్టం వచ్చినట్టు వాయించమన్నారు. వాయిస్తూ వాయిస్తూ ఊపులో హెడ్‌ఫోన్స్ తల మీంచి ఎగిరిపోయాయి. మిగతా వాద్యాలు చెవికి వినబడటం ఆగిపోయింది. ఆయన ఆగలేదు, మిగతా సోలో అలాగే లాగించాడు.

మొదటిసారి విన్నప్పుడు నాకూ విసుగనిపించింది, దాచుకోను. ఇప్పుడు మాత్రం ఒక్క సెకను తగ్గించినా ఒప్పుకోను. ఏడుపు ఆపుకోలేని మనిషిని టైమ్ చూసుకోమనం కదా.

ప్రొడ్యూసర్ భారతీయుడని విన్నాను. నిజమా?

భారతీయ మూలాలున్న అమెరికన్. పేరు రాకేష్ పరాశర్, అక్కడ అందరూ రిక్ పరాశర్ అంటారు. సోదరుడు రాజ్‌తో కలిసి 1985లో సియాటిల్‌ని ఆనుకుని ఉత్తరాన లండన్ బ్రిడ్జ్ స్టూడియో పెట్టారు. ఈ ఆల్బమ్‌ని బ్యాండ్‌తో కలిసి ప్రొడ్యూస్ చేసింది ఆయనే. ఆ వెంటనే అదే చోట పెర్ల్ జామ్ మొదటి ఆల్బమ్ "టెన్" కూడా చేశారు. 2014 ఆగస్టులో కన్నుమూశారు. తొంభైల నాటి ఆ శబ్దం వెనక ఒక పరాశర్ ఉన్నాడని మనవాళ్లలో ఎంతమందికి తెలుసు? తెలియాలి.

విడుదలైనప్పుడే హిట్టా?

కాదు. మొదట్లో అమెరికాలో 70 వేల కాపీల దాకా అమ్ముడైంది, అక్కడితో ఆగింది. 1991 ఆగస్టులో "టెన్", సెప్టెంబర్‌లో నిర్వాణ "నెవర్‌మైండ్", అక్టోబర్‌లో సౌండ్‌గార్డెన్ "బ్యాడ్‌మోటర్‌ఫింగర్" వచ్చాయి. ఏడాది తిరక్కుండా సియాటిల్ పేరు ప్రపంచమంతా మోగింది. సౌండ్‌గార్డెన్, పెర్ల్ జామ్ రెండూ కలిసి చేసిన రికార్డు తమ దగ్గరే ఉందని కంపెనీకి 1992 వేసవిలో గుర్తొచ్చింది. "హంగర్ స్ట్రైక్"ని సింగిల్‌గా వేసి మళ్లీ ప్రచారం చేశారు. ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 5వ స్థానం దాకా వెళ్లింది, పది లక్షలు దాటి ప్లాటినమ్ అయింది.

"టైమ్స్ ఆఫ్ ట్రబుల్" పెర్ల్ జామ్ పాట "ఫుట్‌స్టెప్స్"లా ఉంది. కాపీనా?

కాపీ కాదు, ఒకే బాణీకి ఇద్దరు మాటలు కట్టారు. గొసార్డ్ టేపులో ఉన్న సంగీతం అది. కార్నెల్ దానికి మత్తుమందులో మునిగిపోతున్న స్నేహితుడితో మాట్లాడుతున్నట్టు రాశాడు. వెడర్ అదే బాణీకి జైల్లో ఉన్న మనిషి కథ రాశాడు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని వినండి. ఒకే రాగంలో రెండు కీర్తనలు విన్నట్టు ఉంటుంది. నా ఓటు కార్నెల్ దానికి, ఆయన ఊదిన మౌతార్గాన్ కోసం.

రెండో ఆల్బమ్ ఎందుకు రాలేదు?

చెప్పాల్సింది చెప్పేశారు. సౌండ్‌గార్డెన్, పెర్ల్ జామ్ రెండూ వెంటనే పెద్ద బ్యాండ్లైపోయి ఎవరికీ తీరిక లేకపోవడమూ నిజమే. ఇంకో సంగతి చాలామంది గమనించరు. 1998లో మ్యాట్ కామెరాన్ పెర్ల్ జామ్‌లో చేరి 2025 దాకా ఉన్నాడు. అంటే ఆ ఇరవై ఏడేళ్లూ కార్నెల్ తప్ప టెంపుల్ ఆఫ్ ద డాగ్ అంతా పెర్ల్ జామ్ పేరుతో కలిసి వాయిస్తూనే ఉంది.

కచేరీలు చేశారా?

అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. 1990 నవంబర్ 13న సియాటిల్‌లో ఆఫ్ ర్యాంప్ అనే చిన్న క్లబ్బులో ఒకటి చేశారు. తర్వాత ఏళ్లలో పెర్ల్ జామ్ కచేరీకి కార్నెల్ వచ్చినప్పుడు ఒకటి రెండు పాటలు పాడేవాళ్లు. అసలైన టూర్ మాత్రం ఆల్బమ్‌కి పాతికేళ్లు నిండాక, 2016 నవంబర్‌లో చేశారు. ఫిలడెల్ఫియా, న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజలెస్, చివరగా సొంత ఊరు సియాటిల్. వెడర్ ఆ టూర్‌లో లేడు. అదే ఏడాది ఆల్బమ్‌ని బ్రెండన్ ఓబ్రయన్ చేత కొత్తగా మిక్స్ చేయించి మళ్లీ విడుదల చేశారు.

కార్నెల్ పోయాక మళ్లీ కలిశారా?

ఆ టూర్ అయిన ఆరు నెలలకు, 2017 మే 18 తెల్లవారుజామున, డెట్రాయిట్‌లో కార్నెల్ ఆత్మహత్య చేసుకున్నారు. ముందు రాత్రే అక్కడ సౌండ్‌గార్డెన్‌తో కచేరీ చేశారు. వయసు 52. 2019 జనవరిలో లాస్ ఏంజలెస్‌లో ఆయన స్మారక కచేరీ జరిగితే, మిగతావాళ్లు అతిథి గాయకులతో ఈ పాటలు వాయించారు.

స్నేహితుడి కోసం "సే హలో టు హెవెన్" రాసిన మనిషికే ఆ పాటతో వీడ్కోలు చెప్పాల్సి రావడం... ఆ వార్త వచ్చిన రోజు నేను ఆ పాట పెట్టి మొదటి నిమిషంలోనే ఆపేశాను. మళ్లీ పూర్తిగా వినడానికి నాకు చాలా నెలలు పట్టింది.

ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

మొదట "హంగర్ స్ట్రైక్". తర్వాత "కాల్ మి ఎ డాగ్". మెలోడీ పాటలు ఇష్టపడే తెలుగు చెవికి అది తేలిగ్గా ఎక్కుతుంది, చివర్లో కార్నెల్ గొంతు ఎంత దూరం వెళ్తుందో కూడా తెలుస్తుంది. మూడోది "సే హలో టు హెవెన్". ఈ మూడూ నచ్చితే ఆల్బమ్ మొత్తం వరసగా, మధ్యలో ఆపకుండా వినండి. 55 నిమిషాలు. రాత్రి పూట మంచిది.

అలాంటిదే ఇంకోటి కావాలంటే మ్యాడ్ సీజన్ వినండి. మెక్‌క్రెడీయే ఆలిస్ ఇన్ చెయిన్స్ గాయకుడు లేన్ స్టేలీతో కలిసి చేసిన సైడ్ ప్రాజెక్ట్. దానికీ ఒకటే ఆల్బమ్, 1995లో వచ్చిన "అబవ్".

సియాటిల్‌లో ఉంటున్నాం. చూడటానికి ఏమైనా మిగిలాయా?

రెడ్మండ్, బెల్‌వ్యూలలో ఉన్న మనవాళ్లు ఈ ప్రశ్న ఎక్కువగా అడుగుతారు. ఆఫ్ ర్యాంప్ తర్వాత ఎల్ కొరజోన్ అనే పేరుతో నడిచింది. 2016 టూర్ ముగించిన ప్యారమౌంట్ థియేటర్ ఊరి నడిబొడ్డులోనే ఉంది. కానీ ఒక్కచోటికే వెళ్లే వీలుంటే డిస్కవరీ పార్క్‌కి వెళ్లండి. "హంగర్ స్ట్రైక్" వీడియో తీసింది అక్కడే.

మా బావ వాళ్లింటికి వెళ్లినప్పుడు ఒక ఆదివారం నన్ను తీసుకెళ్లారు. 534 ఎకరాల పార్కు. పొడుగాటి గడ్డి, చెట్లు దాటి కిందికి దిగితే ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఒడ్డు, ఒడ్డు చివర 1881లో కట్టిన లైట్‌హౌస్. తెల్లటి పొట్టి భవనం, ఎర్రటి పైకప్పు. పక్కన ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద పెద్ద దుంగలు. ఒక దుంగ మీద కూర్చుని ఫోన్‌లో పాట పెట్టాను. గాలి హోరులో వెడర్ గొంతు సరిగ్గా వినబడలేదు, కార్నెల్ కేక మాత్రం వినబడింది.

స్వెట్టర్ తీసుకెళ్లండి, ఎండాకాలంలో కూడా గాలి చల్లగానే ఉంటుంది. ఒడ్డుకు దిగడం తేలికే, తిరిగి ఎక్కేటప్పుడే ఆయాసం. అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చి ఉంటే, వాళ్లను పైన గడ్డి మైదానం దగ్గరే కూర్చోబెట్టండి, అక్కణ్నుంచి కూడా నీళ్లు కనిపిస్తాయి.